లండన్ పగటివేషగాడి అడుగుజాడల్లో ఐదు రోజులు

మాది మచిలీపట్నం. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి నుంచి మా ఊరి కోటను పట్టుకున్నాడనీ, తెలుగు తీరాన ఈస్టిండియా కంపెనీ పెత్తనానికి అదే పునాది అయిందనీ కళాశాలలో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. అయితే ఇక్కడ మూటలు కట్టుకొని తిరిగి వెళ్ళిన దొరలను వాళ్ళ సొంత ఊరివాళ్ళు ఏ కంటితో చూశారన్న ప్రశ్న ఆ ముప్పై ఏళ్ళలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఉద్యోగ విరమణ తరువాత 'ది నాబాబ్' అనే నాటకం చేతికి వచ్చింది. మన నవాబు అన్న మాటే అక్కడికి వెళ్ళి నాబాబు అయింది. హిందూ దేశంలో కొల్లగొట్టి ధనవంతుడై వచ్చిన కంపెనీ ఉద్యోగికి అది వెక్కిరింపు పేరు. ఆ నాటకం రాసి, ఆడి, లండన్‌ను నవ్వించినవాడు శామ్యూల్ ఫుట్. జార్జి రాజుల కాలపు, అంటే పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఎంతో పేరున్న ఈ మనిషిని ఇప్పుడు అక్కడి వారిలోనే చాలామంది ఎరగరు.

2024 జూన్‌లో రెడింగ్‌లో ఉన్న మా మేనల్లుడి ఇంటికి వెళ్ళినప్పుడు, ఐదు రోజులు సెలవు పెట్టి నాతో తిరగమన్నాను. "మామయ్యా, అందరూ లండన్ బ్రిడ్జి చూడాలంటారు, నువ్వేమిటి ఎవరికీ తెలియనివాడి ఇల్లు చూడాలంటావు?" అన్నాడు గాని, మాట తీసెయ్యలేదు.

జూన్ 26, ట్రూరో

కార్న్‌వాల్ ఇంగ్లండుకు నైరుతి కొస. రైలు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. మేనకోడలు కట్టి ఇచ్చిన పులిహోర దారిలోనే అయిపోయింది. ఇంగువ వాసనకు ఎదుటి సీటు పెద్దమనిషి రెండు సార్లు తల ఎత్తి చూసి, మూడో సారి అది ఏమిటని మర్యాదగా అడిగి, ఒక చెంచా రుచి చూసి, నీళ్ళు తాగి, చాలా బాగుందన్నాడు. అక్కడ బాగుందనడానికీ బాగాలేదనడానికీ ఒకే మాట వాడతారని మావాడు తరువాత చెప్పాడు.

బోస్కావెన్ వీధిలో ఒక రొట్టెల దుకాణంలో పేస్టీ కొన్నాం. పెద్ద కజ్జికాయను ఊహించుకుంటే చాలు: అంచు అదే విధంగా మెలిపెట్టి ఉంటుంది, లోపల కొబ్బరికి బదులు గొడ్డు మాంసం, బంగాళదుంప, స్వీడ్ అనే దుంప, ఉల్లిపాయ, దండిగా మిరియాల పొడి. మేము తీసుకున్నది జున్నూ ఉల్లిపాయా కూరినది, ఒక్కొక్కటి 5 పౌండ్ల లోపు, అంటే సుమారు ఐదు వందల రూపాయలు. పూర్వం గనుల్లో దిగే కూలీలు దీన్ని జేబులో పెట్టుకొని వెళ్ళేవారట. చిల్లర ఇస్తూ దుకాణంలోని పెద్దావిడ నన్ను "మై లవర్" అని పిలిచింది. అరవై నాలుగేళ్ళ వయసులో నాకు చెవులు ఎర్రబడ్డాయి. మన దగ్గర కూరగాయలమ్మే ఆమె ముక్కూ మొహం తెలియని వాడిని "నాయనా" అన్నట్టే అక్కడ ఆ మాట అని తెలిసేదాకా నేను ఆమె వంక చూడలేదు.

ఫుట్ పుట్టాడని చెప్పే ఇంటి కోసం అదే వీధిలో రెండు సార్లు అటూ ఇటూ తిరిగాం. ఈ ఊళ్ళో రోడ్డు పక్కన రాతి కాలువల్లో సన్నగా నీళ్ళు పారుతూ ఉంటాయి. తల ఎత్తి ఇంటి గోడలు చూస్తూ నడిచిన నేను ఒక దానిలో చీలమండ దాకా దిగాను. మా అవస్థ చూసి ఒక వృద్ధుడు ఆగి, మీరు వెతికే ఇల్లు లేదు, 1967లోనే పోయిందన్నాడు. 1671లో ఫుట్ కుటుంబం కట్టుకున్న ఆ ఇల్లు తరువాత రెడ్ లయన్ అనే హోటలైంది. 1967 జూలైలో ఎదుటి లెమన్ వీధి వాలులో అదుపు తప్పిన లారీ ఒకటి నేరుగా వచ్చి దాని ముఖభాగాన్ని గుద్దింది, ఆ దెబ్బతో మొత్తం కూల్చేశారు. అక్కడ ఇప్పుడున్నది ఏ ఊళ్ళోనైనా కనిపించే దుకాణ భవనం. ఆ వృద్ధుడు వాలు వైపు చేయి చాచి లారీ వచ్చిన దారిని చూపించిన తీరు చూస్తే, ఆ ఊరికి ఫుట్ కన్నా లారీయే ఎక్కువ గుర్తుందనిపించింది.

ఫుట్ తండ్రి న్యాయవాది, ట్రూరోకు మేయరు, టివర్టన్ తరఫున పార్లమెంటు సభ్యుడు కూడా. ఓట్ల బేరం ఎలా సాగుతుందో పిల్లవాడు ఇంట్లోనే చూసి ఉంటాడని నా ఊహ. జ్ఞానస్నానం జరిగిన సెయింట్ మేరీ చర్చిలో చాలా భాగం పడగొట్టి 1880 తరువాత పెద్ద కెథడ్రల్ కట్టినా, పాత చర్చి దక్షిణపు వరుసను మాత్రం అందులో కలిపి ఉంచారు. అక్కడ కాసేపు కూర్చుని తడిసిన మేజోడు పిండుకున్నాను.

జూన్ 27, బ్రిస్టల్ రేవు

ఫుట్ జీవితంలో మొదటి రచన నాటకం కాదు, సొంత మేనమామ చేసిన హత్య గురించిన చిన్న పుస్తకం. తల్లి ఎలినార్‌కు ఇద్దరు అన్నదమ్ములు: ఆస్తిపరుడైన సర్ జాన్ డైన్లీ గుడియర్, 'రూబీ' అనే యుద్ధనౌకకు కెప్టెన్ అయిన శామ్యూల్ గుడియర్. వారసత్వం దగ్గర ఇద్దరికీ చెడింది. 1741 జనవరిలో బ్రిస్టల్ నడివీధిలో తమ్ముడు నావికుల చేత అన్నను పట్టించి, పడవలో కింగ్‌రోడ్ అనే చోట లంగరు వేసి ఉన్న తన ఓడకు తీసుకుపోయి, ఆ రాత్రే ఉరి బిగించి చంపించాడు. పక్క గదిలో ఉన్న ఓడ పీపాల పనివాడూ అతని భార్యా చెక్క సందులోంచి అంతా విన్నారు. ఏప్రిల్‌లో కెప్టెన్‌నూ ఇద్దరు నావికులనూ ఉరి తీశారు. అప్పటికే అప్పుల్లో మునిగిన ఫుట్‌కు చచ్చిన మామ వలన ఆస్తీ, చంపిన మామ వలన పుస్తకమూ దక్కాయి.

ఈ కింగ్‌రోడ్ అన్నది రోడ్డనుకొని మావాడు ఫోనులో వెతికి, అవన్‌మత్ దాకా రైలెక్కించాడు. దిగి చూస్తే రేవు కంచెలు, గోదాములు, వరుసగా నిలబెట్టిన కొత్త కార్లు తప్ప నీటి చుక్క కనబడదు. గేటు దగ్గర సిగరెట్టు తాగుతున్న ఒక లారీ డ్రైవరు నవ్వి, కింగ్‌రోడ్ అంటే రోడ్డు కాదు, ఓడలు నిలిచే నీటి పట్టు, చూడాలంటే అవతలి ఒడ్డున పోర్టిస్‌హెడ్‌కు వెళ్ళండి అన్నాడు. మళ్ళీ బ్రిస్టల్ వచ్చి, బస్సు పట్టుకొని చేరేసరికి మూడు గంటలు పోయాయి. ఆలస్యం మంచిదే అయింది: బ్యాటరీ పాయింట్ అనే కొనమీద నిలబడితే పోటు నీరు ఎక్కుతూ వచ్చింది. ఇక్కడ పోటుకూ పాటుకూ మధ్య తేడా కొన్ని రోజుల్లో 12 మీటర్లు దాటుతుంది. మా మంగినపూడిలో పోటంటే నాలుగు అడుగులు వెనక్కి జరగడమే. రాగి రంగు బురదనీరు గోడలా లేచి రావడం చూశాక, రాత్రిపూట ఆ నీటి మీద పడవలో కాళ్ళూ చేతులూ కట్టిన మనిషిని తీసుకుపోవడం ఎలా ఉంటుందో తలచుకోవడానికి ఒళ్ళు జలదరించింది.

జూన్ 28, ఆక్స్‌ఫర్డ్

ఇక్కడ చూసింది తక్కువ. వూస్టర్ కళాశాల వ్యవస్థాపకుడి బంధువన్న హక్కుతో ఫుట్‌కు అక్కడ సీటు, విద్యార్థి వేతనం దొరికాయి. చదివింది తక్కువ, కాలేజీ పెద్దను అనుకరించి నవ్వించింది ఎక్కువ. పక్కనున్న చర్చి గంట తాడు కిందికి వేలాడుతుంటే దాని కొసకు ఎండుగడ్డి కట్టాడనీ, రాత్రి ఆవులు గడ్డి లాగినప్పుడల్లా గంట మోగి ఊరంతా దయ్యమనుకుందనీ ఒక కథ చెబుతారు. 1740లో అతన్ని కళాశాల జాబితా నుంచి తొలగించారు. ఇప్పుడక్కడ ఆవులు లేవు, కొలనులో బాతులున్నాయి. గంట సేపు నీడలో కూర్చుని రైలెక్కాం.

జూన్ 29, లండన్

ఈ తారీఖున హేమార్కెట్‌లో ఉండాలని ముందే పట్టుబట్టాను, ఎందుకంటే 'ది నాబాబ్' మొదటిసారి ఆడింది 1772 జూన్ 29న.

వీధిలో ఎక్కడ చూసినా ఎన్నికల కరపత్రాలే. జూలై 4న పోలింగు. నేను మే 13న మా ఊళ్ళో ఓటు వేసి వచ్చిన వాడిని కనుక ఈ ఊరేగింపులు లేని, మైకులు లేని ఎన్నికలు నాకు ఏదో సంతాప సభలా అనిపించాయి.

రాయల్ హేమార్కెట్ థియేటర్ తెల్లటి స్తంభాల ముందు ఫొటో దిగి, ఇక్కడే ఫుట్ ఆడాడని మావాడికి గర్వంగా చెప్పాను. టికెట్ల దగ్గరున్న యువకుడు వినయంగా సరిదిద్దాడు: ఈ భవనం 1821లో జాన్ నాష్ కట్టినది, ఫుట్ ఆడిన పాత చిన్న థియేటర్ దీనికి ఉత్తరాన ఆనుకొని ఉండేది. నలభై అడుగులు జరిగి మళ్ళీ ఫొటో దిగాం.

ఆ చిన్న థియేటర్ కథ లేకుండా ఫుట్ అర్థం కాడు. 1730లలో అక్కడ ప్రధాని వాల్పోల్ మీద వేసిన వ్యంగ్య నాటకాలు ప్రభుత్వాన్ని కుట్టాయి. దాంతో 1737లో చట్టం చేశారు: మాటలతో కూడిన నాటకం ఆడాలంటే రాజముద్ర ఉన్న రెండు థియేటర్లలోనే ఆడాలి, ప్రతిని ముందుగా లార్డ్ చాంబర్లిన్ అనే రాజాస్థానపు అధికారి కచేరీకి పంపి అనుమతి తెచ్చుకోవాలి. (ఇదే బుద్ధితో 1876లో మన నాటకాల మీద కూడా తెల్లదొరలు చట్టం తెచ్చారు. సొంత ఇంట్లో ఆ ముందస్తు అనుమతి పద్ధతి 1968 దాకా ఉంచుకున్నారు.) 1747 ఏప్రిల్‌లో ఫుట్ ఆ థియేటర్‌లో 'ఉదయకాల వినోదాలు' అన్న పేరుతో ఊళ్ళోని ప్రముఖుల గొంతూ నడకా అనుకరించడం మొదలుపెట్టగానే అధికారులు ఆపించారు. మూడు రోజులు గడిచీ గడవకముందే పత్రికలో కొత్త ప్రకటన వచ్చింది: ఫుట్ గారు మధ్యాహ్నం 12 గంటలకు స్నేహితులకు ఒక గిన్నెడు చాక్లెట్ పానీయం ఇస్తారు, దయచేయవలసింది. జనం డబ్బిచ్చి లోపలికి వెళ్ళారు. చాక్లెట్ ఏదీ? అది తయారవుతోంది, ఈలోగా నేను కొందరు కుర్ర నటులకు తర్ఫీదు ఇస్తున్నాను, అభ్యంతరం లేకపోతే చూస్తూ ఉండండి అన్నాడతడు. తర్ఫీదే నాటకం. టికెట్టు నాటకానికి కాదు కనుక చట్టం చేతులు ముడుచుకుంది. తరువాత వేళను సాయంత్రానికి మార్చి, చాక్లెట్‌కు బదులు టీ అన్నాడు.

మా చిన్నతనంలో సంక్రాంతికి బందరు వీధుల్లోకి పగటి వేషగాళ్ళు వచ్చేవారు. తాసీల్దారు వేషం వేసినవాడు నిజం తాసీల్దారు ఇంటి ముందే ఆయన దగ్గు దగ్గి, ఆయన చేతే రూపాయి పుచ్చుకొని వెళ్ళేవాడు. పట్టపగలు చేసే ఈ పనికి ఇంగ్లీషులో సరైన మాట లేదు గాని, మనిషి మాత్రం ఉన్నాడు. ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో ఫుట్ పేరున రెండు కప్పుల చాక్లెట్ తాగాం, 9 పౌండ్లు అయింది. ఆయన ఇవ్వని చాక్లెట్టే నయం.

అందరూ తాసీల్దార్లలా రూపాయి ఇవ్వలేదు. నిఘంటువు రాసిన డాక్టర్ జాన్సన్‌ను ఫుట్ రంగం మీద అనుకరించబోతున్నాడని తెలిసి, జాన్సన్ చేతికర్ర వెల ఎంతని అడిగాడట. ఆరు పెన్నీలన్నారు. అయితే నాకు షిల్లింగుది తెండి, రెండింతలు గట్టిది కావాలి అన్నాడు. ఆ వార్త ఫుట్ చెవిన పడింది, జాన్సన్ వేషం ఆగిపోయింది. 1762లో డబ్లిన్ ప్రచురణకర్త ఫాక్నర్‌ను ఎగతాళి చేశాడు. ఆయనకు ఒక కాలు లేదు, కొయ్యకాలు. ఆ కుంటి నడకే నవ్వుకు ముడిసరుకు. చెరపకురా చెడేవు అన్నట్టు, 1766 ఫిబ్రవరిలో యార్క్‌షైర్‌లో ఒక ప్రభువు ఇంట, రాజుగారి తమ్ముడు యార్క్ డ్యూక్ సమక్షంలో, గడుసు గుర్రాన్ని ఎక్కమని ఉసిగొల్పగా ఎక్కి కింద పడి ఫుట్ కూడా ఒక కాలు పోగొట్టుకున్నాడు. ఇంగ్లీషులో అతని పేరు పలికితే పాదమనే వినిపిస్తుంది. డ్యూక్ పశ్చాత్తాపపడి రాజుతో చెప్పడం వలన, వేసవి నాలుగు నెలలు హేమార్కెట్‌లో నాటకాలు ఆడే హక్కు ఫుట్‌కు జీవితాంతం దక్కింది. పత్రం చేతికి రాగానే థియేటర్ బాగు చేయించి, కొయ్యకాలికి తగిన పాత్రలు తనే రాసుకొని ఆడాడు. ఇంత ధైర్యం నేను ఇతర నటుల్లో వినలేదు. ఫాక్నర్‌ను ఏడిపించినందుకు మాత్రం అతన్ని క్షమించలేను.

'ది నాబాబ్' కథ చిన్నది. సర్ మాథ్యూ మైట్ హిందూ దేశం నుంచి వస్తాడు, అప్పుల్లో ఉన్న ఒక పాత జమీందారు బాకీ పత్రాలన్నీ కొని చేతిలో పెట్టుకొని, నీ కూతుర్ని ఇస్తావా ఇల్లు వదులుతావా అంటాడు. మరో పక్క పార్లమెంటు సీటు కొనడానికి ఒక ఊరి మేయరుతో బేరం. ఊరి పేరే 'లంచమివ్వు' అన్న అర్థం వచ్చేలా పెట్టాడు. చివరికి పిల్ల తండ్రి తమ్ముడు, వర్తకుడు, బాకీ తీర్చి గండం గడుపుతాడు. మైట్ అంటే జున్నులో పట్టే పురుగు. జున్ను వ్యాపారి కొడుకైన జనరల్ రిచర్డ్ స్మిత్ మీద ఆ దెబ్బ అని కొందరు, క్లైవ్ మీద అని కొందరు అనుకున్నారు. కర్రలు పట్టుకొని ఇద్దరు నాబాబులు ఫుట్ ఇంటికి తన్నడానికి వెళ్ళి, అతని మాటలకు నవ్వి నవ్వి భోజనం చేసి వచ్చారని ఒక కథ ఉంది.

నన్ను పట్టి నిలిపింది మేయరుకూ టచిట్ అనే వాడికీ మధ్య ఒక చిన్న సంభాషణ. వీళ్ళకు ఇంత డబ్బు ఎలా వచ్చిందని మేయరు అడుగుతాడు. టచిట్ చెబుతాడు: వ్యాపారానికని స్నేహంగా వెళతాం, కొంచెం కొంచెంగా చోటు చేసుకుంటాం, చివరకు వాళ్ళను బయటికి నెట్టి జాగీర్లూ డబ్బూ నగలూ మనం తీసుకుంటాం. అది న్యాయమేనా అన్నట్టు మేయరు గొణుగుతాడు. వాళ్ళు టార్టర్లకన్నా (మధ్య ఆసియా సంచార జాతివాళ్ళకన్నా) గొప్పవాళ్ళేం కాదులే అంటాడు టచిట్. లేదు, తిరగబడింది, మన రూపంలో టార్టర్లను పట్టుకున్నది వాళ్ళే అంటాడు మేయరు. వాళ్ళ నుడికారంలో టార్టరును పట్టుకోవడమంటే మన పులి తోక పట్టుకోవడం లాంటిది. బెంగాలు కరవు ముగిసి రెండేళ్ళు కాలేదు, ఆ జూన్‌లోనే లండన్ బ్యాంకులు కూలుతున్నాయి, కంపెనీ వ్యవహారాల మీద పార్లమెంటు చట్టం చేయడానికి ఇంకా ఏడాది ఉంది. ఆ సమయంలో ఈ మాటలకు జనం నవ్వారు.

అక్కడి నుంచి నడుచుకుంటూ విదేశాంగ కార్యాలయం మెట్ల మీద ఉన్న క్లైవ్ విగ్రహం దగ్గరకు వచ్చాం. పీఠం చుట్టూ కంచు ఫలకాలు: ఆర్కాటు ముట్టడి, ప్లాసీ ముందు రాత్రి, 1765లో అలహాబాదులో దివానీ, అంటే పన్ను వసూలు హక్కు, పుచ్చుకోవడం. ఉత్తర సర్కారులను కంపెనీకి ఇచ్చే ఫర్మానా కూడా ఆ ఆగస్టులోనే వచ్చింది. అంటే చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి అన్నీ అదే దర్బారులో కలంపోటుతో చేతులు మారాయి. ఫలకంలో ఆ పేర్లకు చోటు దొరకలేదు. మావాడు పీఠం మీద చెయ్యి ఆనించి, "మన బందరు ఇందులో లేదా మామయ్యా?" అన్నాడు.

వెస్ట్‌మినిస్టర్ అబ్బే టికెట్టు ఒక్కొక్కరికి మూడు వేల రూపాయలకు పైమాటే. సేనాని సర్ ఐర్ కూట్‌కు కంపెనీ వేయించిన పెద్ద పాలరాతి స్మారకం ఉంది. దాని మీద బందీ అయిన మరాఠా తల వంచుకొని ఉంటాడు, చాలా అందంగా చెక్కారు. ఫుట్ సమాధి బయటి క్లాయిస్టర్లో, అంటే నాలుగు వైపులా కప్పున్న వసారాలో ఉంది. దివిటీల వెలుగులో రాత్రిపూట పూడ్చారు, రాయి లేదు. పశ్చిమపు వసారాలో పలకలు చూస్తూ రెండు సార్లు నడిచాను, ఏదో ఒక అడుగు అతని మీద పడే ఉంటుంది.

జూన్ 30, డోవర్

ఫుట్ చివరి రెండేళ్ళు బాధాకరం. కింగ్‌స్టన్ డచెస్ మీద రాసిన 'కలే ప్రయాణం' (కలే ఫ్రాన్స్‌లోని రేవు) నాటకానికి 1775లో అనుమతి రాలేదు. భర్త బతికుండగా మరొకరిని పెళ్ళాడిందని ఆమె మీద విచారణ నడుస్తున్న రోజులవి. ఆమె పక్షంవారు పత్రికల్లో ఫుట్ మీద బురద చల్లారు. ఆ తరువాత, అతని పాత నౌకరు ఒకడు, ఫుట్ తన మీద లైంగిక దాడికి యత్నించాడని ఫిర్యాదు చేశాడు. పురుషుల మధ్య సంపర్కానికి ఆ రోజుల్లో ఉరిశిక్ష. 1776 డిసెంబరులో న్యాయస్థానం నిర్దోషి అని వదిలింది, మనిషి మాత్రం కోలుకోలేదు. థియేటర్ హక్కును ఏటా 1,600 పౌండ్లకు జార్జ్ కోల్‌మన్‌కు ఇచ్చి, ఆరోగ్యం కోసం ఫ్రాన్స్‌కు బయలుదేరి, 1777 అక్టోబరు 21న డోవర్‌లోని షిప్ సత్రంలో పోయాడు. తను నాటకంలో ఎక్కించిన కలే అక్కడికి ఎదుటి ఒడ్డే.

ఆ సత్రం ఇప్పుడు లేదు. సముద్రం ఒడ్డున వేయించిన కాడ్ చేప, బంగాళదుంప ముక్కలు తిన్నాం. ఇద్దరికీ 25 పౌండ్లయింది; చేప తాజాగా ఉంది, ఉప్పూ వెనిగరూ తప్ప మరో రుచి తెలియని పొర దాని మీద ఉంది. బందరు వాడిగా అంతకంటే చెప్పను.

సెయింట్ మేరీ చర్చిలో ఆదివారం ప్రార్థన అప్పుడే ముగిసింది. ఫుట్ ఫలకం ఎక్కడని అడిగితే ఒక పెద్దావిడ, కళ్ళద్దాలు మార్చుకొని, మమ్మల్ని గోడ దగ్గరకు తీసుకుపోయింది. స్నేహితుడి కోసం కన్నీరు, కష్టాల్లో ఉన్నవారిని ఆదుకునే చేయీ హృదయమూ ఉన్నవాడని దాని మీద రాసి ఉంది. ఫ్రాన్స్ ప్రయాణంలో చనిపోయాడని కూడా ఉంది. వేయించినవాడు ప్రభువు కాదు, తోటి రచయిత కాదు. హేమార్కెట్ థియేటర్లో డబ్బు లెక్కలు చూసిన జూయెల్. జీవితమంతా ఊళ్ళోవాళ్ళను ఏడిపించినవాడికి కన్నీళ్ళ గురించి రాయించడానికి ఖజానాదారు మిగిలాడు. జూయెల్ ఎవరో ఆమె అడిగింది, చెప్పాను. మైట్ కథ కూడా చెప్పాను, కాస్త ఎక్కువగానే చెప్పి ఉంటాను, మావాడు గడియారం చూసుకున్నాడు.

ఆమె చివరి దాకా విని, వెనుక బల్ల మీద టీ ఉంది, తాగి వెళ్ళండి అంది. ఎంత ఇవ్వాలని మావాడు అడిగాడు. టీకి ఏమీ తీసుకోము, కావాలంటే చర్చి పైకప్పు నిధికి అని పక్కనున్న డబ్బా చూపించింది. నేను మావాడి వంక చూశాను, వాడు అప్పటికే నవ్వుతున్నాడు. డబ్బాలో ఐదు పౌండ్ల నోటు వేసి, కప్పు అందుకున్నాం.